ప్రాబ్లమేం లేదు సార్!

2025 వేసవిలో నేను ఎక్కువగా విన్న మాట "ప్రాబ్లమేం లేదు సార్". అన్నది మా బండి షోరూము వాళ్ళు. వాళ్ళు లేదన్న ఆ ప్రాబ్లంతోనే నేను నడిరోడ్డు మీద ఏడుసార్లు నిలబడ్డాను. అందులో ఒకసారి వెనక సీటు మీద మా అమ్మాయి కూర్చుని ఉంది. షోరూము పేరూ, కంపెనీ పేరూ రాయట్లేదు. నాకు తెలిసిన నలుగురికి ఈ కథ చెబితే నలుగురూ నాలుగు కంపెనీల పేర్లు చెప్పి "వాళ్ళే కదూ?" అన్నారు. కాబట్టి మీకు తోచిన పేరు మీరే పెట్టుకోండి, కథ పెద్దగా మారదు.

ముందు కాస్త భూగోళం. మేముండేది శామీర్‌పేటలో. 2024 జూన్‌లో రాజీవ్ రహదారి పక్కనే ఉన్న ఒక చిన్న షోరూములో బండి కొన్నాను. ఐదేళ్ళ వారంటీ. డబ్బు కట్టి, సంతకాలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించాక తీరిగ్గా ఇన్వాయిస్ చూస్తే దాని మీద మేడ్చల్ డీలరు పేరుంది. శామీర్‌పేటలో ఉన్నది సబ్ డీలరట. బండి అమ్మడం, ఆయిలు మార్చడం, కడగడం వరకే వీళ్ళ పని. వారంటీ అంటే మేడ్చల్ వెళ్ళాలి. "దగ్గరే కద సార్" అన్నాడు. మ్యాపులో దగ్గరే. ఔటర్ రింగ్ రోడ్డు మీద మేడ్చల్ 6వ ఎగ్జిట్, శామీర్‌పేట 7వ ఎగ్జిట్. కారున్నవాడికి పక్కింటికి వెళ్ళినట్టే. కానీ ఔటర్ మీదకి టూ వీలర్లని రానివ్వరు కదా. మనది కింద సర్వీసు రోడ్డు. ఆగి ఉన్న లారీలు, ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే ట్రాక్టర్లు, చీకటి పడితే కుక్కలు.. అదో ప్రపంచం.

మొదటిసారి ఏప్రిల్‌లో జరిగింది. మిట్టమధ్యాహ్నం అల్వాల్ నుంచి వస్తున్నా. హకీంపేట దాటాక ఇంజిను ఒక్కసారి దగ్గినట్టై ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే తిరుగుతోంది గానీ అందుకోవట్లేదు. పావుగంట చెట్టు కింద నిలబడి, చెయ్యగలిగిందేమీ లేక మళ్ళీ బటన్ నొక్కితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. మనం సాఫ్ట్‌వేరు వాళ్ళం కదా, "రీస్టార్ట్ చేస్తే పోయింది" అనగానే సమస్య పరిష్కారం అయిపోయిందనుకునే జబ్బు ఉంటుంది. నేనూ అలాగే వదిలేశా.

వారం తిరక్కుండా మళ్ళీ ఆగింది. శామీర్‌పేట షోరూముకి తీసుకెళ్తే "పెట్రోల్‌ల కచరా వచ్చింటది సార్" అని ఏదో క్లీన్ చేసి 850 రూపాయలు తీసుకున్నారు. మూడు రోజులు బానే ఉంది. నాలుగో రోజు ఆగింది. ఇక మేడ్చల్ యాత్ర మొదలైంది.

మేడ్చల్ షోరూము పెద్దది. ఏసీ, అద్దాలు, కాఫీ మిషను. సర్వీస్ అడ్వైజర్ చాలా మర్యాదస్తుడు. నేను చెప్పిందంతా తలూపుతూ విన్నాడు. "అరగంట నడిచాక, బాగా వేడెక్కాక ఆగుతోంది, పావుగంట చల్లారితే మళ్ళీ స్టార్టవుతోంది" అని నేను మనం బగ్ రిపోర్టు రాసినట్టు స్టెప్పులతో సహా చెప్పాను. సాయంత్రం ఫోనొచ్చింది. "చెక్ చేసినం సార్, టెస్ట్ రైడ్ గూడ తీసినం. ప్రాబ్లమేం లేదు సార్." ఎంత దూరం తీశారని అడిగితే రెండు కిలోమీటర్లట! అరగంటకి వచ్చే జబ్బుకి ఐదు నిమిషాల పరీక్ష. ఇంటికొచ్చి జాబ్ కార్డు చూస్తే కంప్లైంట్ అని ఉన్న చోట "జనరల్ చెకప్" అని ఉంది. కింద నా సంతకం. అవును, చదవకుండా పెట్టేశాను. లైసెన్స్ అగ్రిమెంటు కింద టిక్కు పెట్టినంత సులువుగా.

అప్పుడు నాకు అర్థం కాలేదు గానీ మొత్తం కథలో కీలకం ఆ రెండు మాటలే. కంపెనీ రికార్డుల్లో నా బండి ఆగలేదు. ఓ శుభ్రమైన బండి జనరల్ చెకప్ కోసం వచ్చి వెళ్ళింది, అంతే.

రెండోసారి వెళ్ళినప్పుడు నేరం పెట్రోలు మీదకి వెళ్ళింది. "ఇప్పుడంతా ఇథనాల్ కలుస్తుంది సార్, నీళ్ళు పడుతుంది, దానికి వారంటీ రాదు." ఇథనాల్ నీటిని పీల్చుకునే మాట నిజమే. కానీ 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బళ్ళని 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకి తట్టుకునే సామానుతో చెయ్యాలని నియమం ఉంది. నా బండి ట్యాంకు మూత దగ్గర కంపెనీయే అంటించిన "ఈ20" స్టిక్కరుంది. అదే చూపించాను. "మీరు అమ్మిన బండే, మీరు అంటించిన స్టిక్కరే. దేశంలో బంకులన్నిట్లో దొరికేది ఈ పెట్రోలే. మరి ఇంకేం పొయ్యాలి, కల్లా?" అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వి, "ట్యాంక్ క్లీనింగ్ చేయించుకోండి సార్" అన్నాడు. 1,200 రూపాయలు. చేయించుకున్నాను!

ఆ రోజే ఇంకో సంగతి జరిగింది. నా పక్క కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. తుర్కపల్లి దగ్గర ఊరట, పాలు పోస్తాడట. ఆయన బండి నాది కాదు గానీ అదే కంపెనీది. ఇంకా ఈఎంఐలు కడుతున్నాడు. బండికి క్యాన్లు కట్టే కమ్మీలు చూసి అడ్వైజరు "లోడ్ వేస్తున్నవ్ కద తాతా, వారంటీ రాదు" అన్నాడు. ఆయన బండి తంటా స్టార్టింగుది. పాల క్యాన్లకీ స్టార్టింగుకీ ఏం సంబంధమో నాకైతే తెలీదు. ఆయన ఏమీ అడగలేదు. నడుముకి కట్టుకున్న సంచీలోంచి నోట్లు తీసి లెక్కపెట్టి ఇచ్చి వెళ్ళిపోయాడు. సాయంత్రం పాలకి బండి కావాలి కదా. నన్ను "సార్" అన్న నోటితోనే ఆయన్ని "నువ్వు" అన్నారు. నేను కాఫీ తాగుతూ చూస్తూ కూర్చున్నాను. "వారంటీ పుస్తకంలో అది ఎక్కడుందో చూపించండి" అని అడగడానికి ఒక్క నిమిషం పట్టేది. అడగలేదు. ఇది రాయడానికి అసలు కారణం బహుశా అదే.

మా స్నేహితుడొకడు, "ఐదారు వేల పార్టు కోసం ఇన్ని సార్లు తిరుగుతావా? బయట మెకానిక్ దగ్గర మార్పించి పడేయ్. నీ టైముకి విలువ లేదా?" అన్నాడు. మన ఐటీ వాళ్ళం ఈ ఒక్క వాక్యంతో చాలా చోట్ల గొడవ తప్పించుకుంటాం. రిజిస్ట్రేషన్ ఆఫీసులో, గ్యాస్ దగ్గర, కరెంటోళ్ళ దగ్గర. నిజమే, మనకి గిట్టుబాటే. కానీ మనం ఐదు వేలు పారేసి వెళ్ళిపోయిన ప్రతిసారీ ఆ షోరూముకి ఒక పాఠం అందుతుంది: ఓపిక పడితే చాలు, కస్టమరే కట్టి పోతాడు అని. మనకంటే డబ్బుంది, పాలాయనకి లేదు. ఆయనకి లేనిది డబ్బొక్కటే కాదు, ఇంగ్లీషులో మెయిల్ రాసే తీరికా, సెలవు పెట్టినా జీతం వచ్చే ఉద్యోగమూ.

ఇంతకీ మా అమ్మాయి సంగతి. మే నెలలో ఓ ఆదివారం మేడ్చల్‌లో బంధువులింటికి వెళ్ళి తిరిగొస్తున్నాం. చీకటి పడుతోంది. శామీర్‌పేట ఇంకో రెండు కిలోమీటర్లుందనగా సర్వీసు రోడ్డు మీద ఇంజిను పోయింది. వెనక ఇసుక లారీ. వాడు హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని రాసుకున్నట్టే పక్క నుంచి వెళ్ళాడు. అమ్మాయి నా చొక్కా గట్టిగా పట్టుకుంది, ఏమీ అనలేదు. బండి తోసుకుంటూ నడుస్తుంటే కాసేపయ్యాక, "నాన్నా, వాళ్ళు బాగైందన్నారు కదా?" అంది. ఇంట్లో ఈ సంగతి చెబితే మా ఆవిడ రెండే ముక్కలంది. "ఇంక పిల్లని దాని మీద ఎక్కించకండి."

మర్నాడు కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశా. టికెట్ నంబరిచ్చారు. రెండ్రోజుల్లో ఎస్సెమ్మెస్ వచ్చింది, "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని. ఎవరు పరిష్కరించారు? బండి నా గేటు ముందే ఉంది కదా! ఆరా తీస్తే తేలిందేమిటంటే, కంపెనీ వాళ్ళు డీలర్ని అడిగారు, డీలరు జాబ్ కార్డు చూసి "జనరల్ చెకప్, ఓకే" అని చెప్పాడు, వాళ్ళు టికెట్ మూసేశారు. కథ మళ్ళీ ఆ రెండు మాటల దగ్గరికే వచ్చింది.

అప్పుడు పద్ధతి మార్చాను. ఆఫీసులో ఏం చేస్తామో అదే చేశా. లాగ్ రాయడం. తేదీ, బయల్దేరిన టైము, ఆగిన టైము, మీటర్ రీడింగు, ట్యాంకులో పెట్రోలు ఎంతుందో, ఎంతసేపటికి మళ్ళీ స్టార్టయిందో. ప్రతిసారీ మీటరు కనబడేట్టు ఫోన్లో వీడియో. మొత్తం ఏడుసార్లు ఆగితే ఏడూ ఇరవై నుంచి నలభై నిమిషాల మధ్యే, ఏడూ ఎండలోనో ఎండ తగ్గీ తగ్గకముందో, ఏడింట ఐదుసార్లు ట్యాంకులో పావు కంటే తక్కువ పెట్రోలుంది. ఇది చూస్తే బళ్ళ గురించి ఏమీ తెలియని నాకే ఏదో అర్థమవుతోంది.

మూడోసారి మేడ్చల్ వెళ్ళినప్పుడు అడ్వైజరు లంచ్‌లో ఉంటే నేరుగా వెనక వర్క్‌షాపులోకి వెళ్ళా. పాతికేళ్ళు కూడా ఉండవు ఆ కుర్రాడికి. నా కాగితం చూసి అర నిమిషంలో చెప్పాడు. "పంపు అన్నా. ఫ్యూయల్ పంపు ట్యాంక్ లోపలుంటది, పెట్రోలే దాన్ని సల్లగ జేస్తది. పెట్రోల్ తక్కువున్నప్పుడు ఇంకింత వేడైతది. మీది వేడైతే ప్రెజర్ ఇస్తలేదు." మరి మీ సార్‌కి చెప్పవేం అంటే అటూ ఇటూ చూసి, "క్లెయిమ్ ఏస్తే పాత పంపు కంపెనీకి పంపాలె అన్నా. వాళ్ళు చూసి డిఫెక్ట్ కాదంటే పైసలు షోరూము మీద పడతయి. కంపెనీ ఇచ్చే లేబర్ గూడ తక్కువ. క్లీనింగులు జేస్తే సార్లకు టార్గెట్ అన్నా అయితది. నేను జెప్పిన్నని అనకు అన్నా" అన్నాడు.

అదన్నమాట సంగతి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అప్పటిదాకా నేను ఆ అడ్వైజర్ని దొంగ అనుకుంటున్నా. ఆయన దొంగ కాదు. ఆయన లెవెల్ వన్ సపోర్టు! వచ్చిన టికెట్ పైకి పోకుండా తన దగ్గరే మూసేస్తే శభాష్, పైకి పంపితే సంజాయిషీ. మనకి బాగా తెలిసిన ఏర్పాటే కదా.

తర్వాత రోజు ఊళ్ళో ఉన్న ఒక వకీలు మిత్రుణ్ణి కలిశా. (నల్సార్ యూనివర్సిటీ శామీర్‌పేటలోనే ఉంది గానీ ఆ గాలి పీల్చినంత మాత్రాన చట్టం రాదు కదా.) ఆయన రెండు తీర్పుల గురించి చెప్పాడు. ఒకటి 2006లో సుప్రీంకోర్టు ఇచ్చింది. మారుతి కారు క్లచ్ గురించిన గొడవ. వారంటీ అంటే చెడిపోయిన భాగం మార్చడమేగానీ మొత్తం కారు మార్చడం కాదని తేల్చారు. కాబట్టి "నాకు కొత్త బండి కావాలి" అని ఎగరకు, పంపు అడుగు అన్నాడు. రెండోది 2021లోది. గోవాలో ఒకాయన 2011 మోడల్ కారుకి డబ్బు కడితే డీలరు 2009 మోడల్ అంటగట్టాడు. టాటా మోటార్స్ మీద కూడా వేస్తే, డీలరు చేసినదానికి తయారీదారు పాత్రో, ఆ సంగతి వాళ్ళకి తెలుసనో రుజువు లేకుండా బాధ్యుణ్ణి చెయ్యలేమంది సుప్రీంకోర్టు. అంటే డీలరు ముందు ఎంత అరిచినా కంపెనీకి వినబడనట్టే. ఇద్దరికీ రాతపూర్వకంగా తెలియజెయ్యి, "మాకు తెలీదు" అనే సందు ఇవ్వకు అన్నాడు.

అప్పుడు రాశా మెయిలు. డీలరుకీ కంపెనీకీ కలిపి ఒకటే. తిట్లు లేవు, "షాక్ అయ్యాను", "వేదన" లాంటి మాటల్లేవు. ఏడు తేదీల పట్టిక, వీడియోలు, మూడు జాబ్ కార్డుల ఫొటోలు, కట్టిన రెండు బిల్లులు. చివర్లో మూడు వాక్యాలు: నా సమక్షంలో నలభై నిమిషాల టెస్ట్ రైడ్ చెయ్యండి. ఫ్యూయల్ ప్రెజర్ కొలిచి జాబ్ కార్డు మీద రాయండి. పదిహేను రోజుల్లో తేల్చకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

ఠక్కున మర్నాడే ఫోనొచ్చింది. అయితే కొత్త మెలికతో. "సార్, మీ థర్డ్ సర్వీస్ తొమ్మిది రోజులు లేట్ అయింది. రూల్ ప్రకారం వారంటీ పోతది."

ఇక్కడ నా తప్పుంది. నిజంగానే లేటయింది. జనవరిలో ఒక రిలీజు పన్లో పడి మర్చిపోయాను. వారంటీ పుస్తకంలో ఆ షరతు కూడా స్పష్టంగా ఉంది. కాస్త గుండె జారింది, దాచడమెందుకు. కానీ ఆ సర్వీసు చేసింది వాళ్ళ శామీర్‌పేట పాయింటే. ఉచిత సర్వీసు కింద కూపను తీసుకుని, ముద్ర వేసి, వారంటీ గురించి ఒక్క మాట అనకుండా పంపారు. ఆ ముద్ర ఫొటో కూడా పంపి, "ఆలస్యమైన సర్వీసుకీ పంపు చెడిపోవడానికీ సంబంధం ఏమిటో రాసివ్వండి" అని అడిగా. నోటితో చెప్పడానికి వెనకాడని మాటలు చాలా ఉంటాయి గానీ రాసివ్వమంటే అన్నీ మాయమవుతాయి. ఇదీ మాయమైంది.

జూన్ మొదటి వారంలో టెస్ట్ రైడు. నేను నడుపుతుంటే వెనక అడ్వైజరు. మేడ్చల్ నుంచి సర్వీసు రోడ్డు మీదుగా శామీర్‌పేట చెరువు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాం. బండి దివ్యంగా నడుస్తోంది. నాకు చెమటలు పడుతున్నాయి. డెమోలో బగ్ రాకపోతే ఎలా ఉంటుందో మీకు తెలుసుగా! మామూలుగా డెమోలో బగ్ రాకూడదని దేవుడికి మొక్కుకుంటాం, నేను మొదటిసారి రావాలని మొక్కుకున్నా. ముప్ఫై మూడో నిమిషంలో దగ్గి ఆగిపోయింది. అడ్వైజరు దిగి బండి వంక, నా వంక చూశాడు. "ఆగింది సార్" అన్నాడు. ఆ రెండు ముక్కలు వినడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇద్దరం ఎండలో నిలబడ్డాం. అప్పుడే ఆయన చెప్పాడు, తన బండికీ రెండేళ్ళుగా ఏదో శబ్దం వస్తోందని, తనకే క్లెయిమ్ పాస్ కాలేదని :)

షోరూముకొచ్చి వెంటనే గేజ్ పెడితే మూడు బార్ల దగ్గర ఉండాల్సిన ప్రెజరు అందులో సగం చూపించింది. పది రోజుల్లో కొత్త పంపు వచ్చింది, వారంటీలోనే వేశారు. ముందు కట్టిన 2,050 రూపాయలు మాత్రం వెనక్కి రాలేదు. అడిగాను, "చూస్తం సార్" అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

మీకు పనికొస్తాయేమోనని నేను నేర్చుకున్నవి నాలుగు ముక్కలు:

ఒకటి, జాబ్ కార్డు మీద మీ ఫిర్యాదు మీ మాటల్లో ఉందో లేదో చదివాకే సంతకం పెట్టండి. "జనరల్ చెకప్" అని ఉంటే కొట్టేయించి రాయించండి. రాయని జబ్బుకి మందు లేదు.

రెండు, సర్వీసులు తేదీ దాటనివ్వకండి. కిలోమీటర్లు అవ్వకపోయినా రోజులు అయిపోతాయి. ఏది ముందైతే అదే లెక్క.

మూడు, వారంటీ పుస్తకం చదవండి. క్లచ్ ప్లేట్లు, బ్రేక్ ప్యాడ్లు, ఫిల్టర్ల లాంటి అరిగేవి మామూలుగా అందులో రావు. అవి అడిగి పరువు పోగొట్టుకోకండి. వచ్చేవాటికి మాత్రం డబ్బు కట్టకండి.

నాలుగు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడా తేలకపోతే కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, 2025 నుంచి ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్లోనే. వస్తువు ఖరీదు ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ళ లోపు వెయ్యాలి. నాకు అంతదాకా అవసరం పడలేదు. కానీ వెళ్ళగలనని వాళ్ళకి తెలియడమే సగం పని చేసింది.

ఇక చివరి సంగతి, కొంచెం సిగ్గుపడుతూ చెప్తున్నా. పంపు వేసిన వారంలో ఆఫీసులో నా పేరు మీద మూసేసిన టికెట్లు ఏవో వెతుకుతుంటే ఒకటి కనబడింది. మా సాఫ్ట్‌వేరు వాడే ఒక ఆస్పత్రి ల్యాబులో ఒకావిడ పెట్టింది. "రోజూ మధ్యాహ్నం తర్వాత రిపోర్టు స్క్రీను బిగుసుకుపోతోంది, మూసి తెరిస్తే వస్తోంది." నేను నా లాప్‌టాప్‌లో ఐదు నిమిషాలు చూసి, "ఇక్కడ బానే ఉంది" అని రాసి మూసేశాను. ఆవిడ మళ్ళీ తెరిచింది. క్యాష్ క్లియర్ చెయ్యమని చెప్పి మళ్ళీ మూసేశాను. మూడోసారి ఆవిడ రాయలేదు. బాగైందనుకున్నా.

ఐదు నిమిషాల టెస్ట్ రైడ్. పెట్రోల్‌ల కచరా. ప్రాబ్లమేం లేదు మేడమ్!

ఆ టికెట్ మళ్ళీ తెరిచి, ఒక మెషీన్‌లో ఆ స్క్రీను పొద్దున్నించి సాయంత్రం దాకా నడిపించి చూశా. మూడున్నరకి బిగుసుకుపోయింది. మెమరీ లీకు. సరిచెయ్యడానికి రెండు రోజులు పట్టింది. ఆవిడకి క్షమాపణ చెప్తూ మెయిలు రాస్తే, "పర్లేదండీ, మేం రోజూ మూడింటికి ఓసారి మూసి తెరవడం అలవాటు చేసుకున్నాం" అని జవాబిచ్చింది. పాలాయన నోట్లు లెక్కపెడుతున్న చేతులు గుర్తొచ్చాయి.

బండి ఇప్పుడు బానే ఉంది. అమ్మాయి మళ్ళీ ఎక్కుతోంది. వచ్చే సర్వీసుకి గడువు ఇంకా తొమ్మిది రోజులుంది, నేను రేపే వెళ్తున్నా.